ఎడమ పక్కన సముద్రం

మా కోడలు కోలీన్‌కి కప్పు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇరవై ఏళ్ళుగా నా వంటింట్లోకి వస్తోంది. నేను కుడిచేత్తో కాఫీ తాగే మనిషినని బాగా తెలుసు. అయినా క్రిస్మస్ నుంచీ ఒక కొత్త తెగులు పట్టుకుంది, నా కప్పు తెచ్చి ఎడమ పక్కన పెడుతుంది. యాలకుల రొట్టె ముక్క కూడా ఎడమ పక్కనే. కావాలనే చేస్తుందని నాకు తెలుసు. ఇలాంటి చిల్లర పనులతో మనిషిని గిల్లడం ఆవిడగారి పద్ధతి. నేనేం తక్కువ తిన్నానా, తను చూస్తుండగానే కప్పెత్తి కుడి పక్కకు మార్చుకుంటాను. కాసేపటికి దాన్ని మోచేత్తో తోసి ఒలకబోసుకుంటాను, అది వేరే సంగతి.

ఫిబ్రవరి మొదటి శనివారం కూడా అదే జరిగింది. నా బల్ల మీద డేల్ పెద్ద పటం పరిచాడు. డేల్ నా కొడుకు. యాభై దాటాయి, ఆలోచించేటప్పుడు వాళ్ళ నాన్నలాగే నోరు తెరుచుకుని ఉంటుంది. మా ఊరు ఆస్టోరియా నుంచి కింద దక్షిణాన శాండియాగో దాకా సముద్రం ఒడ్డు వెంట ఎర్ర సిరాతో గీత గీశాడు. నా కాఫీ ఒలికి ఆ గీత మీదుగా పారింది.

"మంచి శకునం. ఇక బయల్దేరినట్టే," అంది కోలీన్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నా కుడి కన్ను పోయింది. అక్టోబరులో ఒకరోజు పొద్దున లేచేసరికి ఆ కంటికి ఏమీ ఆనలేదు. పోర్ట్‌లాండ్ వెళ్ళి డాక్టరుకు చూపించుకుంటే ఇక రాదన్నాడు. ఎడమ కంట్లో కూడా ముక్కు వైపు సగం అప్పుడే మసకబారింది, బయటి వైపు మాత్రం తేటగా ఉంది. అది ఎన్నాళ్ళుంటుందని అడిగితే ఏడాదో, ఇంకాస్తో, చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళానని అబద్ధం చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, మా పై వీధిలో ఇర్మా అని నా ఈడుదే ఒకావిడ ఉండేది. చూపు తగ్గిందని కొడుకులతో నోరు జారింది. వాళ్ళు పండక్కి వచ్చి, టర్కీ కోడి తిని, వెళ్తూ వెళ్తూ కారు తాళాలు పట్టుకుపోయారు. వేసవి వచ్చేసరికి ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు వృద్ధాశ్రమంలో కిటికీ దగ్గర కూర్చుని చెంచాతో జెల్లీ తింటోంది. మా ఊరి వీధులు గోడల్లా నిటారుగా ఉంటాయి. కారు లేకపోతే నేను పాల డబ్బా కూడా తెచ్చుకోలేను. తాళాలు పోయాయంటే తర్వాత పోయేది ఇల్లే. పైగా డేల్ కూతురు, నా మనవరాలు టెస్‌కి పదహారు నిండబోతున్నాయి, బండి నడిపే ఈడు, నానమ్మా, కారు నాకిస్తావా అని అప్పుడే నోరు తెరిచి అడిగింది.

అందుకని నడుపుతూనే ఉన్నాను. నెమ్మదిగానే నడుపుతాను. తపాలా పెట్టె ఒకసారి, చెత్త డబ్బా ఒకసారి అడ్డం వచ్చాయి. మొన్న గురువారం బడి మలుపులో చక్రం ఎగిరి పడింది, గడ్డకట్టిన మంచు మీదికి ఎక్కిందనుకున్నాను.

ఇక సముద్రం సంగతి. మా ఆయన వెయికో, నది మీద ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపేవాడు. బతికినంత కాలం ఒడ్డు వెంట అలా కిందికి వెళ్ళొద్దామని నేను అడగడం, "రోజంతా నీళ్ళే చూసి వస్తాను, మళ్ళీ కారెక్కి చూడ్డమెందుకు" అని ఆయన పేపరు తిరగెయ్యడం, ఇదే మా సంసారం. ఆయన పోయాడు. నాకు మా నది సముద్రంలో కలిసే చోటు తప్ప ఏ ఒడ్డూ తెలియదు. కిందటి ఏడాది చివర డేల్ వచ్చి, "అమ్మా, వచ్చే వేసవిలో అందరం శాండియాగో దాకా సముద్రం వెంట పోదాం" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మిగిలిన చూపు ఉండగానే ఆ ఒడ్డంతా చూడాలి. ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు.

కానీ ఒడ్డు వెంట వెళ్ళే ప్రతివాడూ ఉత్తరం నుంచి దక్షిణానికే దిగుతాడు. మావాళ్ళకి అది బైబిల్లో రాసినట్టే. అలా వెళ్తే సముద్రం కుడి పక్కన, మన మోచేతి కిందే ఉంటుంది, మధ్యలో ఎదురు బళ్ళు అడ్డం రావు. తిరిగి వచ్చేటప్పుడు లోపలి పెద్ద రోడ్డెక్కి రెండ్రోజుల్లో ఇల్లు చేరతారు. నాకేమో రెండేళ్ళ కిందట మంచు మీద జారిపడితే మెడలో మరలు బిగించారు, మెడ కుడికి అసలు తిరగదు. మెడ తిరక్కపోయినా కుడి కంటి ఓరచూపుకు అందుతుందని వాళ్ళు ఎంతో ప్రేమగా, "అమ్మకి ముందు సీటు, సముద్రం ఒళ్ళోనే ఉంటుంది" అని ఏర్పాటు చేశారు. ఆ కుడి సీట్లో కూర్చుంటే శాండియాగో దాకా నాకు కనిపించేది ఎడమ పక్కన బండి నడిపే డేల్ చెవి ఒక్కటే.

"లోపలి రోడ్డున దిగుదాం, సముద్రం చూసుకుంటూ పైకొద్దాం," అన్నాను, పటం మీద కాఫీ తుడుస్తూ.

"అమ్మా, మళ్ళీ మొదలెట్టకు."

"మొదలెట్టడం లేదురా, తేల్చేస్తున్నా."

"ఎవరన్నా అలా తలకిందులుగా వెళ్తారా?"

"ఎవరూ వెళ్ళరు కాబట్టే దారి ఖాళీగా ఉంటుంది. కిందికి వెళ్తుంటే దారంతా ఎండ మొహాన కొడుతుంది."

"వేసవిలో మన ఒడ్డున ఎండా? పొగమంచు తప్ప ఎండ మొహం నువ్వెప్పుడు చూశావు?"

ఇంకో అబద్ధం వెతుక్కున్నాను.

"అంచు పక్కన కూర్చుంటే నాకు భయం. కళ్ళు తిరుగుతాయి."

"పోయిన నెల ఇంటి కప్పెక్కి నాచు గోకింది ఎవరు? నేను కింద నిచ్చెన పట్టుకుని వణుకుతుంటే పైనుంచి తిట్టింది ఎవరు?"

"అది నా ఇంటి కప్పు. సముద్రం వేరు."

డేల్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. కోలీన్ అప్పుడు కంప్యూటర్ మూసింది. తను అరిచే మనిషి కాదు. మంచుగడ్డ నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు, అత్తగారినైనా నన్ను పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతుంది.

"ఐలీ, గుడారం వేసుకునే చోట్లకు బుకింగ్ ఆరు నెలల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. నిమిషం తిరక్కుండా అయిపోతాయి. ఒక్కో రాత్రి మకాం కోసం ఒక్కో పొద్దున మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో మాట పడ్డాను. పైనుంచి కిందికి అన్నీ వరసగా దొరికాయి, బిగ్ సర్ మకాం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మీరొచ్చి తిరగేసి కట్టమంటున్నారు. కారణం చెప్పమంటే ఎండంటారు, భయమంటారు."

"పెద్దదాన్ని, నా ఇష్టం. అది కారణం కాదా?"

"కాదు. రావాలనుంటే రండి, లేకపోతే ఇంట్లో ఉండండి. మీ సీట్లో ఐసు పెట్టె పెట్టుకుంటాను."

"దానికైనా సముద్రం సరిగ్గా చూపించు."

"ఐసు పెట్టె సణగదు."

నేను డేల్ వైపు చూశాను. నా కొడుకు పటం వైపు చూస్తున్నాడు. అమ్మ రాకపోతే ఎలాగని ఒక్క మాట అనలేదు. నన్ను వదిలేసి వెళ్ళడానికి వీళ్ళకి పెద్ద బెంగేమీ లేదని అప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

"సౌనా వేడెక్కింది. ఆడవాళ్ళు ముందు వెళ్ళండి. చల్లబడి రండి, ఇద్దరూ," అన్నాడు.

మా ఇంట్లో శనివారం సాయంత్రం సౌనా, అంటే ఆవిరి స్నానం, తప్పదు. నేలమాళిగలో వెయికో తన చేత్తో కట్టిన దేవదారు గది, మూలన పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు. మా అత్తగారు ఫిన్లాండ్ నుంచి తెచ్చిన నియమం ఒకటి ఉంది: లోపల ఎవరూ అరవకూడదు, అబద్ధమాడకూడదు, అది చర్చితో సమానం. నియమం తప్పినవాళ్ళు తువ్వాలు చుట్టుకుని బయట చల్లటి మెట్ల మీద కూర్చోవాలి. వెయికో అంతటివాడు కూడా ఒకసారి కూర్చున్నాడు. కోలీన్ మా జాతి కాదు, మొదటిసారి లోపలికొచ్చినప్పుడు ఊపిరాడక పారిపోయింది. ఆ తర్వాత పంతం పట్టింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం నేను లేచి వెళ్ళాక ఒక నిమిషం ఎక్కువ కూర్చుని గానీ బయటికి రాదు. అంత రోషం.

పై బల్ల మీద కూర్చున్నాం. ఎప్పుడూ నా ఎడమ పక్కన కూర్చునే మనిషి ఆ రోజు కుడి పక్కకు వచ్చింది. ఏదో కొత్త గిల్లుడు అనుకున్నాను. నేను రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోశాను, బుస్సుమని ఆవిరి లేచింది. మళ్ళీ పొయ్యడం తన వంతు. రాళ్ళు చప్పుడు మానేశాయి. ఆవిరి చల్లబడుతోంది. ఇది నిద్రపోయిందా, అలిగిందా అనుకుంటూ ఎదురు గోడ చూస్తూ కూర్చున్నాను.

"ఐలీ," అంది చివరికి. "గరిటె మీ మొహం పక్కనే పట్టుకుని ఉన్నాను. చెయ్యి నొప్పెడుతోంది."

నడుము దగ్గర్నుంచి ఒళ్ళంతా తిప్పి చూశాను. గరిటె నా చెంపకు జానెడు దూరంలో ఉంది, నీళ్ళు కారుతూ.

"కుడి కన్ను ఎప్పుడు పోయింది?"

లేచి మెట్ల మీదికి పోవచ్చు. మోకాళ్ళు కదిలాయి కూడా. కానీ అబద్ధం చెప్పి మా అత్తగారి బల్ల మీద కూర్చోలేను. నిజం చెప్పడానికి నోరు రాదు. గరిటె నుంచి కారే చుక్కలు లెక్కపెట్టాను.

"అక్టోబరులో," అన్నాను.

"నాకు క్రిస్మస్‌కి తెలిసింది. మీ పళ్ళెంలో కుడి సగం అలాగే వదిలేశారు. పంది మాంసం ముక్క కుడి పక్కనుంది. మీరు మాంసం వదిలే మనిషి కాదు. తర్వాత కారు చూశాను. గీతలన్నీ కుడి వైపే, అద్దానికి టేపు చుట్టారు."

"తపాలా పెట్టె వంకరగా పాతారు."

"ఐలీ. ఎక్కడున్నామో చూసుకోండి."

తపాలా పెట్టెను వదిలేశాను.

"మీరే చెప్తారని చూశాను. గురువారం బడి మలుపులో మీ వెనక కారు నాదే. మీ చక్రం కాలిబాట ఎక్కింది."

"మంచు గడ్డ."

"మంచు లేదక్కడ. టెస్ ఉంది. మీకు చెయ్యి ఊపింది, మీరు నేరుగా చూస్తూ దాని మీదికి వచ్చారు. వెనక్కి గెంతింది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి ఏమందో తెలుసా? కారు అడిగానని నానమ్మకి కోపమొచ్చింది, నా వైపు చూడను కూడా చూడలేదు అంది. రాత్రి అన్నం తినలేదు."

ఆ చక్రం ఎగిరి పడిన కుదుపు మళ్ళీ నడుముకు తగిలింది. దాని కింద నా మనవరాలి కాలు ఉండాల్సింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిరిలో ఎవరికి తెలుస్తుందిలే అని ఏడ్చాను. కోలీన్ నా వైపు చూడలేదు, ఆ మర్యాద ఒకటి చేసింది.

"డేల్‌కి చెప్పావా?"

"లేదు. చెబితే ఆ రోజే వచ్చి కారు తాళాలు లాక్కునేవాడు. మా అమ్మ దగ్గర మా అన్నలు అలాగే లాక్కున్నారు, నేను చూస్తూ నిలబడ్డాను. మీ అంతట మీరే ఇవ్వాలి."

"ఇవ్వకపోతే?"

"ఇవాళ రాత్రికి నేనే లాక్కుంటాను."

"నువ్వంటే నాకు ఒళ్ళుమంట, తెలుసా?"

"మీరంటే నాకూ అంతే. దానికీ దీనికీ సంబంధం లేదు." గరిటె తిప్పి రాళ్ళ మీద నీళ్ళు పోసింది. "దారి తిరగెయ్యమని గొడవ చేసింది దీనికేనా?"

"ఎడమ వైపే కదా కాస్త కనిపించేది. నువ్వు చెప్పిన దారిన వెళ్తే నాకు కొండలు తప్ప ఏమీ కనిపించవు."

"నోరు తెరిచి చెప్పచ్చుగా."

"చెబితే తాళాలు పోతాయి. తాళాలు పోతే ఇల్లు పోతుంది. ఇర్మా సంగతి నువ్వూ చూశావు."

కోలీన్ లేచి, తువ్వాలు చుట్టుకుని, తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నాకంటే ముందు వెళ్ళింది. నేను ఒక్కదాన్నే ఆవిరి అణిగేదాకా కూర్చున్నాను.

డేల్ తన వంతు ముగించుకుని ఎర్రగా కమిలిన మొహంతో పైకొచ్చేసరికి కోలీన్ కంప్యూటర్ ముందుంది, నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. తాళాలు ఆ గుమ్మం పక్కనే మేకుకు వేలాడతాయి.

"సరే, ఇక తేల్చేద్దాం," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "దక్షిణానికే దిగుతున్నాం. అమ్మా, నువ్వింకేం మాట్లాడకు. వస్తే రా, లేకపోతే మానెయ్."

ఆ మాటకు సౌనాలోకి వెళ్ళక ముందైతే చెప్పు తీసుకుని ఉండేదాన్ని. మేకు మీంచి తాళాలు తీసి, పటం మీద, కాఫీ మరక పక్కన పెట్టాను.

"ఇవెందుకు?"

"టెస్‌కి ఇవ్వు. నాకు దాని మీద కోపమేమీ లేదని చెప్పు. నా కుడి కన్ను పోయింది. ఎడమదీ పోతోంది."

డేల్ నోరు తెరుచుకుంది. కానీ వాడి చెయ్యి నోటికంటే చురుకైనది. కన్నెలా పోయిందని వాడు అడగలేదు. ముందు చెయ్యి చాచి తాళాలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు, ఎక్కడ మళ్ళీ లాక్కుంటానో అన్నట్టు. ఆ చేతికి అన్నం తినడం నేర్పింది నేనే.

"ఎప్పటినుంచి? ఇన్నాళ్ళూ ఇలాగే నడిపావా? ఎవర్నన్నా చంపేస్తే? నీకసలు బుద్ధుందా?" అని గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. అవన్నీ నేను పడాల్సిన మాటలే, పడ్డాను. కానీ వాడు అక్కడితో ఆగలేదు. "మరి ఈ మెట్లూ, ఈ పొయ్యీ, ఒక్కదానివే ఇక్కడ ఎలా ఉంటావు? ఈ ఇంటి సంగతి కూడా మనం..."

"డేల్," అంది కోలీన్. "నోరు మూసుకో."

వాడు మూసుకున్నాడు.

"ఇవాళ తాళాల సంగతి ఒక్కటే. ఇంటి మాట ఎత్తావంటే తువ్వాలు కట్టి నిన్ను మెట్ల మీద కూర్చోబెడతాను. ముందు మీ అమ్మని కన్ను గురించి అడుగు."

వాడు అడిగాడు. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ పక్కన టక్కు టక్కుమని మీట నొక్కుతున్న చప్పుడు. డేల్ అటు తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"రద్దు చేస్తున్నాను."

"అన్నీనా?"

"అన్నీ. లోపలి రోడ్డున దిగుతున్నాం. పైకొచ్చే తారీఖులు వచ్చే వారం నుంచి తెరుస్తారు. మళ్ళీ పొద్దున్నే కూర్చుంటాను."

"దొరకకపోతే?"

"కార్లో పడుకుంటాం. చూపు సరిగ్గా లేని మనిషి పక్కన కూర్చుని శాండియాగో దాకా సణుగుతుంటే వినే ఓపిక నాకు లేదు." టక్కుమని ఇంకోటి నొక్కింది. "పైకొచ్చేటప్పుడు బండి నేను నడుపుతాను. ఐలీ, మీరు నా వెనక, ఎడమ కిటికీ దగ్గర. నా డ్రైవింగ్ మీద వెనక నుంచి ఒక్క మాట వచ్చినా ఎక్కడుంటే అక్కడ దింపేస్తాను."

"నువ్వు మలుపుల్లో బ్రేకు వెయ్యవు."

"ఇదిగో, అప్పుడే మొదలు."

కంప్యూటర్ మూసి లేచింది. పొయ్యి మీంచి కాఫీ తెచ్చి ముగ్గురికీ పోసింది. నా కప్పు ఎడమ పక్కన పెట్టింది, రొట్టె ముక్క దాని పక్కన పెట్టింది. అలవాటుగా కప్పు మార్చడానికి నా చెయ్యి లేచింది. లేచి మధ్యలో ఆగిపోయింది. క్రిస్మస్ నుంచి. ఈ కప్పు ఈ పక్కకు రావడం మొదలైంది క్రిస్మస్ నుంచి. నేనేమో ప్రతిసారీ దాన్ని తన ఎదురుగానే తీసి అవతల పెట్టి, ఒలకబోశాను.

కోలీన్ నా చేతి వైపే చూస్తోంది. నేను కప్పు ఉన్నచోటే ఉంచి, ఎడమ చేత్తో ఎత్తి తాగాను. కాఫీ ఎప్పటిలాగే నీళ్ళలా ఉంది. ఆ మాట తనతో చెప్పాను కూడా.